మందు తప్పిందని చెప్పిన పిల్ల

మా పక్కింట్లో అద్దెకు దిగిన అమ్మాయికి ఈమధ్య స్టాఫ్‌నర్సు ఉద్యోగం వచ్చింది. మిఠాయి డబ్బా తీసుకొని వచ్చి, "మేడం, ఇన్నేళ్ళు మందుల ట్రైనింగ్ ఇచ్చినారు గదా, నాకొక్క మాట చెప్పండి, గుర్తు పెట్టుకుంటా" అనింది. ఏదో చెప్పి పంపించాను. ఆమె వెళ్ళాక ఆలోచిస్తే, నేను చెప్పింది ఏ పుస్తకంలోనైనా దొరికే మాటే. అసలు చెప్పాల్సింది నిలబడి చెప్పేది కాదు. అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నా పేరు మెహరున్నీసా. మాది ఉదయగిరి. మొదట వార్డుల్లో స్టాఫ్‌నర్సుగా చేశాను, ఆ తర్వాత నర్సింగ్ ట్యూటర్‌నయ్యాను. ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా, ఇటు కలిగిరి, అటు అనంతసాగరం, ఈ పల్లెల్లో పనిచేసే నర్సులకూ ఏఎన్‌ఎంలకూ ఆశా కార్యకర్తలకూ మందులు ఎట్లా దాచాలో, ఎట్లా కొలవాలో, ఎట్లా ఇవ్వాలో నేర్పడమే నా పని. నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఏ ఆర్డరు ఎక్కడ ఆగింది అనే కథలు ఎవరికీ అక్కర్లేదు. నాకే గుర్తులేవు. గుర్తున్నవి కొందరు మనుషులు, కొన్ని పొద్దులు.

పాఠం అప్పజెప్పడం

మందు ఇచ్చే ముందు చూసుకోవలసిన అయిదు సంగతులు నర్సింగ్ చదివిన ప్రతి ఒక్కరికీ వచ్చు. సరైన మనిషేనా, సరైన మందేనా, సరైన మోతాదేనా, సరైన దారిలోనేనా, సరైన వేళకేనా. ఏ హాల్లోనైనా ఈ ప్రశ్న వేస్తే ముందు బెంచీ నుంచి వెనక బెంచీ దాకా ఒకే గొంతుతో అప్పజెబుతారు. ఎక్కాలు చెప్పినట్టే.

అదే మనిషిని వార్డులోకి తీసుకెళ్ళి ట్రే చేతికిస్తే సంగతి వేరు. మూడో మంచం దగ్గర సెలైన్ అయిపోయిందని కేక. తలుపు దగ్గర ఎవరిదో అవ్వ, "అమ్మా, నా బిడ్డను చూడు" అని కొంగు పట్టుకుంటుంది. డాక్టరుగారు పిలుస్తుంటారు. జేబులో ఫోను. ఆ గోలలో సూదిమందు ఉండే చిన్న గాజు ఆంప్యూల్ మీద చీమకాళ్ళంత అక్షరాలు చదవాలి. పాఠం రాకపోవడం వల్ల తప్పులు జరగడం నేను పెద్దగా చూడలేదు. పాఠం వచ్చినవాళ్ళకు చదివే ఆ కాసేపు కూడా దొరక్క జరగడమే చూశాను.

అందుకే కొన్నాళ్ళకు స్లైడ్లు మానేశాను. ఖాళీ మందు పెట్టెలు, వాడేసిన సూదిమందు సీసాలు, డిస్టిల్డ్ వాటర్ సంచీలో వేసుకొని పోయేదాన్ని. ఒకమ్మాయి మందు తీస్తుంటే ఇంకో నలుగురు చుట్టూ చేరి కేకలు పెట్టాలి, కొంగు లాగాలి, ఫోన్ చేయాలి. అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు. నవ్వులయ్యాక చూస్తే ట్రేలో మందు మారిపోయి ఉండేది. అప్పుడు నవ్వు ఆగేది.

మా పై ఆఫీసరొకాయనకు ఇది నచ్చలేదు. "ఏందమ్మా ఇది, ట్రైనింగా, నాటకమా?" అన్నాడు. ఎంతమంది వచ్చారు, ఫోటో తీశారా, భోజనాలు సరిపోయాయా అనేవి ఆయన అడిగే ప్రశ్నలు. మంచి మనిషే. కానీ ఆయన కాలంలో ఎవరేం నేర్చుకున్నారో ఆయనకు తెలియదు.

చెంచా

ఉదయగిరిలో మా నాయన కొయ్య చెంచాలు చెక్కేవాడు. ఆ చెంచాలు నా ఉద్యోగంలోకి ఎట్లా వచ్చాయో చెప్తాను.

మా వీధి వెనకే షాహిదా అనే అమ్మాయి ఉండేది. తొలి కాన్పు. పసిబిడ్డకు జ్వరమొస్తే ఆశా కార్యకర్త జ్వరం సిరప్ ఇచ్చి, "అర చెంచా పొయ్యి, అర్థమైందా?" అని అడిగింది. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడే పిల్ల షాహిదా. "అయింది" అనింది. ఆ సీసా అయిపోయాక ఆమె భర్త మందుల షాపు నుంచి అదే పేరున్న ఇంకో సీసా తెచ్చాడు. అది చుక్కల మందు. చంటిపిల్లలకు డ్రాపర్‌తో కొలిచి కొద్దిగా వేసేది, సిరప్ కంటే చాలా ఘాటుది. పెట్టె మీద బొమ్మ, పేరు ఒకటే. షాహిదా దాన్ని కూడా అర చెంచా పోసింది, జ్వరం వచ్చినప్పుడల్లా పోసింది. ఆమె వాడిన చెంచా మా నాయన చెక్కినదే, కూర వడ్డించుకునేది.

బిడ్డ పాలు తాగకుండా వాంతులు చేసుకుంటుంటే నా దగ్గరికి ఎత్తుకొచ్చింది. సీసా చూపించమన్నాను, చెంచా చూపించమన్నాను. రెండూ చూసి వెంటనే నెల్లూరు పంపించాను. పెద్దాసుపత్రిలో కొన్నాళ్ళుండి బిడ్డ బతికి బయటపడింది. ఇప్పుడు ఆ బిడ్డ స్కూలుకు పోతోంది.

ఆశా కార్యకర్తను అందరూ తిట్టారు. ఆమె ఏడుస్తూ, "నేను అడిగినాను గదా మేడం, అర్థమైందనే చెప్పింది" అనింది. నిజమే, అడిగింది. కానీ ఆ ప్రశ్నకు మన ఊళ్ళల్లో ఇంకో జవాబు లేదు. అర్థం కాలేదని చెప్తే చులకన అవుతామని భయం. అప్పటి నుంచి నా ట్రైనింగుల్లో "అర్థమైందా?" అనే మాటను నిషేధించాను. "ఏదీ, ఎట్లా పోస్తావో నాకు చేసి చూపించమ్మా" అనాలి. మా నాయన దుకాణంలోంచి ఉప్పు చెంచా మొదలు వడ్డించే గరిటె దాకా తెచ్చి బల్ల మీద పరిచేదాన్ని. "వీటిల్లో చెంచా ఏది?" అని అడిగితే తలా ఒకటి తీసుకునేవాళ్ళు. ఒక్కొక్కరు నీళ్ళు ముంచి కొలత మూతలో పోస్తే, ఒకరిది అడుగునే ఉండిపోయేది, ఇంకొకరిది పొంగి బల్ల మీదకొచ్చేది. ఆ నీళ్ళు తుడుచుకునేటప్పటికి నేను చెప్పాల్సింది ఏమీ మిగిలేది కాదు.

శ్రావణి

ఇప్పుడు అసలు సంగతి.

శ్రావణిది జలదంకి వైపు పల్లె. కాంట్రాక్టు నర్సు. నా ట్రైనింగుకు వచ్చినప్పుడు వెనక వరసలో కూర్చునేది, పిలిస్తేనే పలికేది. పని మాత్రం శుభ్రంగా చేసేది.

ఆత్మకూరు చుట్టుపక్కల ఒక చిన్న ఆసుపత్రిలో ఆమె డ్యూటీ. దాని పేరు చెప్పను, చెప్పాల్సిన అవసరమూ లేదు. అక్కడి డాక్టరు రాఘవగారు. మాట కటువు, అందరినీ గదమాయిస్తాడు. ఆ రోజు నేను అక్కడ ట్రైనింగ్ పెట్టుకొని పొద్దున్నే బస్సు దిగాను. డాక్టరుగారి గదిలో కూర్చుని టీ తాగుతున్నాం. శ్రావణి పరుగున వచ్చి తలుపు దగ్గర నిలబడిపోయింది. ఒక చేతిలో సూది, ఇంకో చేతిలో చిన్న మందు సీసా.

"సార్, పెంచలరెడ్డి గారికి ఇన్సులిన్ ఎక్కువిచ్చేసినాను."

పెంచలరెడ్డి అనంతసాగరం వైపు రైతు, పెద్దాయన. కాలి మీద పుండుతో వార్డులో చేరాడు, షుగరు బాగా ఎక్కువ. ఆసుపత్రిలో వాడే ఇన్సులిన్ నలభై రకం. అంటే ఒక మిల్లీలీటరులో నలభై యూనిట్లు. దానికి ఎర్ర మూత సూది. ముందురోజు ఆ స్టాకు అయిపోయింది. పెద్దాయన కొడుకు బయట షాపులో కొని తెచ్చాడు. అతను తెచ్చింది నూరు రకం. దానికి నారింజ మూత సూది వాడాలి. వార్డులో ఉన్నవన్నీ ఎర్ర మూతవే. శ్రావణి రోజూలాగే ఎర్ర మూత సూదిలో ఇరవై గీత దాకా లాగి పొడిచింది. ఎర్ర మూత సూదిలో ఇరవై గీతంటే అర మిల్లీలీటరు, నూరు రకంలో అది యాభై యూనిట్లు.

సీసాను ఫ్రిజ్‌లో పెట్టబోతూ దాని మీద నూరు అని ఉండడం చూసింది. చుట్టుపక్కల ఎవరూ లేరు. ఫ్రిజ్ తలుపు మూసేసి ఉంటే ఆ సంగతి అక్కడితో మూసుకుపోయేది.

రాఘవగారు గ్లాసు కింద పెట్టి లేచాడు. నేను తిట్లకు సిద్ధపడ్డాను. ఆయన ఒకే మాట అడిగాడు.

"టిఫిన్ తిన్నాడా?"

"ఇంకా లేదు సార్. కొడుకు తెచ్చేదానికి పోయినాడు."

"పద. నీ సంగతి, నా సంగతి తర్వాత. ముందు ఆయన సంగతి."

మేం వెళ్ళేసరికి పెద్దాయన మంచం మీద కూర్చునే ఉన్నాడు. గ్లూకోజు నీళ్ళు తాగించాం. కాసేపటికే నుదుటి మీద చెమటలు, చేతులు వణుకు. టిఫిన్ పొట్లం తీసుకొని కొడుకు మాలకొండారెడ్డి లోపలికొస్తే, తండ్రి అతన్ని చూసి, "ఎవరయ్యా నువ్వు?" అన్నాడు. నరానికి గ్లూకోజు ఎక్కించారు. శ్రావణి మంచం వదలలేదు. వేలి మీద పొడిచి షుగరు చూడడం, తినిపించడం, మళ్ళీ చూడడం. సాయంత్రం దాకా అదే పని. మధ్యాహ్నానికి పెద్దాయన తేరుకొని, "ఏమ్మే, నా వేళ్ళన్నీ జల్లెడ చేస్తా ఉండావే" అన్నాడు. అప్పుడు నాకు ఊపిరి వచ్చింది.

ఇంటివాళ్ళకు చెప్పడం

పెద్దాయన నిలదొక్కుకున్నాక ఇంకో ప్రశ్న లేచింది. ఇంటివాళ్ళకు ఏం చెప్పాలి?

ఆసుపత్రిలో అనుభవమున్న మనిషే ఒకరు నెమ్మదిగా సలహా ఇచ్చారు. "నీరసానికి షుగరు డౌన్ అయిందని చెప్తే సరిపోతుంది. ఎవరు చూసినారు? వాళ్ళు మామూలోళ్ళు కాదు, ఒక్క ఫోన్ చేస్తే ఈ పిల్ల ఉద్యోగం పోతుంది." ఇది దుర్మార్గంతో అన్న మాట కాదు. జాలితో అన్నది. ఆసుపత్రుల్లో చాలా అబద్ధాలు జాలి నుంచే పుడతాయి.

రాఘవగారు నా వైపు చూశాడు. "మీరేమంటారు?"

"చెప్పాల్సిందే" అన్నాను. "రేపు ఇంటికి పోతే ఆయనకు అదే సీసాలోంచి ఇస్తారు. నిజం చెప్పకుండా సీసా సంగతి ఎట్లా చెప్తాం?"

"నేనే చెప్తా సార్" అనింది శ్రావణి. "నా చేత్తో ఇచ్చినాను."

ముగ్గురం కలిసి వెళ్ళాం. డాక్టరుగారు మొదలుపెట్టాడు, శ్రావణి మధ్యలో అందుకొని ఉన్నదున్నట్టు చెప్పింది. మాలకొండారెడ్డి మొహం ఎర్రబడింది.

"మనుషుల ప్రాణాలంటే ఆటలుగా ఉండాదా మీకు? సూది వెయ్యడం రాని దాన్ని డ్యూటీలో ఎవరు పెట్టినారు? ఇప్పుడే పైకి ఫోన్ చేస్తా!"

పెద్దాయన కొడుకును ఆపలేదు. అతను తిట్టినంతసేపూ తిట్టనిచ్చి, ఆ తర్వాత శ్రావణినడిగాడు.

"నువ్వు చెప్పకపోయింటే ఏమయ్యేదమ్మే?"

"టిఫిన్ వచ్చేలోపల మీకు స్పృహ పోయేది నాయనా. నిద్రపోతా ఉండారనుకొని ఉండేవాళ్ళం అందరం."

"నాకు కోపం వస్తా ఉండాది" అన్నాడు పెద్దాయన. "రాదా మరి? చచ్చిపోయి ఉండేవాణ్ణి." కొడుకు వైపు తిరిగి, "ఫోన్ జేబులో పెట్టుకోరా. కోపం నాది, నేను పడతా" అన్నాడు.

దాన్ని క్షమించడమని నేను అనుకోలేదు. ఇంటికి పోయేటప్పుడు కూడా ఆయన శ్రావణితో నవ్వుతూ మాట్లాడలేదు. కానీ పుండు కట్టు మార్చుకునేందుకు వచ్చిన ప్రతిసారీ ఆమె చేతే కట్టించుకున్నాడు.

శిక్ష

ఇంటివాళ్ళు ఊరుకున్నా ఆఫీసు ఊరుకోలేదు. సంగతి రాఘవగారే పైకి తెలియజేశాడు. విచారణకు వచ్చినాయన మొదటి మాటే, "బాధ్యులెవరు?" అని. వార్డులో ఇన్సులిన్ స్టాకు ఎందుకు అయిపోయిందని అడగలేదు. బయట కొన్న మందు వార్డులోకి వస్తే దాన్ని ఎవరు చూడాలని అడగలేదు. రాఘవగారు ఆ రెండూ చెప్పాడు, గట్టిగానే చెప్పాడు. నేనూ చెప్పాను. విన్నారు. విని శ్రావణిని వార్డు నుంచి తీసి ఓపీ చీటీలు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

రాఘవగారు మాత్రం ఎవరి ఉత్తర్వు కోసమూ చూడకుండా, తప్పు జరిగిన మర్నాడే ఫ్రిజ్‌లో రెండు డబ్బాలు పెట్టించాడు. ఒకటి ఎర్రది, ఒకటి నారింజది. సీసా, దానికి తగిన సూది ఒకే డబ్బాలో. నేను తర్వాత వెళ్ళిన ప్రతి ఆసుపత్రిలోనూ అదే చేయించాను. మందు దాచడం గురించి నాకు తెలిసినదానిలో మంచి భాగం ఆ కటువు మనిషి దగ్గర నేర్చుకున్నదే.

చీటీల బల్ల దగ్గర శ్రావణి అసలు మాట్లాడడం మానేసింది. మిగతా నర్సులు ఆమెను చూసి నేర్చుకోవాల్సింది నేర్చుకున్నారు. చెప్తే ఇట్లా అవుతుంది. చెప్పకపోతే ఏమీ కాదు. నేను ఎన్ని హాళ్ళల్లో ఎంత గొంతు చించుకున్నా ఆ బల్ల నేర్పిన పాఠం ముందు నిలవదని తెలిసిపోయింది. అజాగ్రత్తను శిక్షించొద్దని నేననను. తాగి డ్యూటీకొచ్చినవాణ్ణి పంపించేయండి. చూడకుండానే చూశానని చెప్పినవాళ్ళను పంపించేయండి. కానీ తప్పు జరిగిన వెంటనే పరుగెత్తుకొచ్చిన మనిషినీ, ఫ్రిజ్ తలుపు మూసేసే మనిషినీ ఒకే గాటన కట్టకండి. పై కుర్చీల్లో కూర్చునేవాళ్ళు ఇది చదివితే, నేను చెప్పేది ఇదొక్కటే.

ఉదయగిరి హాల్లో

ఒకరోజు శ్రావణి దగ్గరికి వెళ్ళి, "ఉదయగిరిలో ట్రైనింగ్ ఉంది, నాతో వచ్చి నీకు జరిగింది చెప్తావా?" అని అడిగాను.

"ఇంకా ఎంతమంది ముందు సిగ్గు పడాలి మేడం?" అనింది.

"నీ ఇష్టం శ్రావణీ" అని వచ్చేశాను. ట్రైనింగు రోజున చూస్తే హాలు తలుపు దగ్గర నిలబడి ఉంది. డాక్టరుగారే సెలవిచ్చి బస్సెక్కించాడట.

శ్రావణి ముందుకొచ్చి నిలబడింది. సంచీలోంచి ఎర్ర మూత సూది, నారింజ మూత సూది తీసి బల్ల మీద పెట్టింది. వాటినే చూస్తూ మొదలుపెట్టింది. సీసా ఫ్రిజ్‌లో పెట్టబోయి ఆగిన సంగతికి వచ్చేసరికి, "ఆ తలుపు పట్టుకొని నిలబడినప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది, జీతం గుర్తొచ్చింది, అన్నీ గుర్తొచ్చినాయి. ఆ పెద్దాయన ఒక్కడే గుర్తు రాలేదు. మంచం మీద ఆయన దగ్గితే అప్పుడు గుర్తొచ్చినాడు" అనింది.

వెనకనుంచి ఒక ఏఎన్‌ఎం లేచింది. వయసైన మనిషి, రిటైర్మెంటుకు దగ్గరలో ఉంది. తను ఒకసారి ఒక బిడ్డకు వెయ్యాల్సిన సూది పక్క బిడ్డకు వేశానని, ఏమీ కాలేదని, కానీ ఇంతవరకూ భర్తకు కూడా చెప్పలేదని చెప్పి కూర్చుంది. ఆమె పక్కనున్నామె లేచింది. తర్వాత ఇంకొకరు. మధ్యాహ్నం భోజనాలు చల్లారిపోయాయి. ఎవరూ కదల్లేదు. నేను బోర్డు మీద రాసుకున్న పాఠం తుడిపేసి, ఒకటనుకొని ఇంకోటి తీసే మందులంటూ వాళ్ళు చెప్పిన పేర్లు జంటలు జంటలుగా రాయడం మొదలుపెట్టాను. పేరు దగ్గర పేరు, సీసా దగ్గర సీసా. నా సర్వీసులో ఆ రోజున ట్రైనింగ్ ఇచ్చింది నేను కాదు.

పోయేటప్పుడు చాలామంది శ్రావణి ఫోన్ నంబరు రాసుకున్నారు.

ఒక ఫోను

కొన్ని నెలలకు ఆమెను మళ్ళీ వార్డులో వేశారు. రాఘవగారు అడిగి అడిగి వేయించాడు. నేను రిటైరయ్యే ముందు చివరిసారిగా అక్కడికి వెళ్ళినప్పుడు, ఇద్దరం నర్సుల గదిలో కూర్చుని అన్నం క్యారియర్ విప్పుకున్నాం. శ్రావణికి ఫోనొచ్చింది. చేతులు అన్నంలో ఉన్నాయని స్పీకరు పెట్టింది.

"అక్కా, నేను, ఉదయగిరి ట్రైనింగులో కలిసినాను." కొత్తగా చేరిన పిల్ల గొంతు. "వాంతుల పిల్లోడికి సూది మందు రాసినారు. సిరంజీలోకి తీసినాను. ఇంకా ఇయ్యలా. ఎందుకో అనుమానంగా ఉండాది. డాక్టరుగారు ఇంకో కేసులో ఉండారు."

శ్రావణి చెయ్యి ఆగిపోయింది. "ఆంప్యూల్ పారేసినావా?"

"లేదక్కా, చేతిలోనే ఉండాది."

"వెలుతురు దగ్గరికి పో. పేరు చదువు. ఒక్కో అక్షరం చదువు, నాకు వినపడేటట్టు."

ఆ పిల్ల చదవడం మొదలుపెట్టింది. నాలుగైదు అక్షరాల తర్వాత ఆగిపోయింది.

"అక్కా... ఇది కాదక్కా."

"సరే. అది పక్కన పెట్టు. కొత్త సిరంజీ తీసుకో. సరైన ఆంప్యూల్ తీసి, మళ్ళా ఇట్లానే చదువు. డాక్టరుగారు రాంగానే జరిగింది చెప్పు, దాచిపెట్టబాక."

ఫోను పెట్టేశాక ఇద్దరం తినలేదు. శ్రావణి చేతికంటిన మెతుకులు ఎండిపోతున్నాయి.

మళ్ళీ మోగింది.

"ఇచ్చినానక్కా. సరైందే ఇచ్చినాను."

వెనకాల ఒక పిల్లవాడు ఆసుపత్రి ఎగిరిపోయేటట్టు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. అంతకు మించిన గొంతుతో వాడి తల్లి అరుస్తోంది, ఇంతసేపా సూది వేసేది, బిడ్డ ఏడ్చి ఏడ్చి చచ్చిపోతుండాడు, మీకు పని వచ్చునా రాదా అని.

"వినపడతా ఉండాదా అక్కా? వాళ్ళమ్మ నన్ను తిడతా ఉండాది."

"తిట్టనీ" అనింది శ్రావణి. అని, ఫోను కట్ చేయకుండా, ఆ ఏడుపు సన్నగిల్లేదాకా వింటూ కూర్చుంది.